అసలు ధరే రాయిస్తే 5 లక్షలు పోతాయి, ఏం చేయను?

ప్రశ్న: మాది గోపాలపట్నం. ప్రైవేటు ఆసుపత్రిలో నర్సును. 2012లో 8 లక్షలకు కొన్న ఆనందపురం స్థలం నా పేరున ఉంది. ఒకాయన 40 లక్షలిస్తానంటున్నారు, కానీ దస్తావేజులో 22 లక్షలే, మిగతాది క్యాష్. మొత్తం బ్యాంకులోనే వేయాలంటే 37 దాటనంటున్నారు. విశ్వాసినై ఉండి అబద్ధపు దస్తావేజు మీద సంతకం పెట్టలేను. మావారేమో ‘అందరూ చేసేదే, క్యాష్‌లో దశమభాగం చర్చికి ఇచ్చేద్దాం’ అంటున్నారు. 24 లక్షల హోమ్ లోన్ (ఈఎంఐ 25,000), బాబు ఇంజినీరింగ్‌కి ఇంకా రెండేళ్ల ఫీజు 4 లక్షలు, ఇంటర్ చదివే పాప పెళ్లి, చోడవరంలో అమ్మ పెంకుటింటికి స్లాబు... అన్నీ దీని మీదే పెట్టుకున్నాం.

జవాబు: వందనాలమ్మా. మీరు పంపిన ఫొటో చూశాను. బ్రోకరు శుభలేఖ వెనక ‘వై 22, బ్లా 18’ (వైట్ 22, బ్లాక్ 18) అని రాసి, కింద రెండు గీతలు కొట్టాడు. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని తగులుబడి లెక్క చూసుకోడా అన్నాడు ప్రభువు. మనమూ చూద్దాం.

22కి రాయిస్తే లాభం 14 లక్షలు. 12.5 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్సు కలిపి 1.82 లక్షలు దాటదు, కనీసం 38.18 చేతికొస్తుంది. 37కి రాయిస్తే పన్ను 3.77, చేతికి 33.23. తేడా కనీసం 4.95 లక్షలు. ‘దేవుడు రెట్టింపు ఇస్తాడులే’ అని మీవారితో అనకండి. ఈ స్థలం విషయంలో ఆయన అలా మాటివ్వలేదు. నష్టం మీవారికీ తగులుతుంది, అది ఒప్పుకునే మాట్లాడండి. స్థలం అమ్మి 20,000 గానీ అంతకుమించి గానీ క్యాష్ తీసుకుంటే, తీసుకున్నంతా పెనాల్టీ పడొచ్చని కూడా చెప్పండి.

ఇక దశమభాగం. బైబిల్లో దావీదు రాజు దేవునికి బలి అర్పించడానికి కళ్లం అడిగితే, దాని యజమాని అరౌనా కళ్లాన్ని, ఎడ్లను ఊరికే ఇస్తానన్నా దావీదు 50 తులాల వెండి తూచి ఇచ్చాడు. వెల ఇవ్వనిది దేవునికి అర్పించనన్నాడు. ఎగ్గొట్టిన పన్ను కలిసిన డబ్బును కానుక పెట్టెలో ఎలా వేస్తామమ్మా? మీ మనసుకు తోచిందే సరైనది. 37కే అమ్మండి.

వచ్చిన దాంట్లో 24తో లోన్ తీర్చేయండి. ఫ్లోటింగ్ రేటైతే ముందే కట్టినందుకు ఛార్జీ ఉండదు, కానీ దీనివల్ల పన్నేమీ తగ్గదు. అమ్మిన 6 నెలల్లోపు 5 లక్షలు ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ సంస్థల క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో పెడితే 65,000 పన్ను మిగులుతుంది. వడ్డీ తక్కువే, 5 ఏళ్లు కదపలేరు. పాప పెళ్లికి గనక ఫరవాలేదు. ఆ 65,000 కలుపుకుంటే ఇంకా 4.88 లక్షలుంటాయి. అందులో 4 ఫీజులకు ఎఫ్‌డీ, 88,000 ఆపదకు.

స్లాబుకే ఏమీ లేదు. ఆగిన ఈఎంఐ 25,000 నెలనెలా ఆర్‌డీలో వేయండి, 20 నెలలకు 5 లక్షలవుతుంది. అప్పటిదాకా వానాకాలంలో అమ్మగారు పెంకుల కింద గిన్నెలు పెట్టుకోక తప్పదు. ఎందుకో ఆవిడకు మీరే వెళ్లి చెప్పండి, ఫోన్లో వద్దు.