గుర్రం ఎడమ పక్క

అమ్మా,

నీ వ్యాసం అందింది, రెండుసార్లు చదివాను. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో నది ఒడ్డునున్న జేన్స్ కరోసెల్ అనే చెక్కగుర్రాల రంగులరాట్నం గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు సంతోషం. కానీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాను. 'జీవితం ఒక రంగులరాట్నం' అన్నావు. నలభై ఏళ్లుగా ఈ మాట చదువుతూనే ఉన్నాను. రాసినవాళ్లలో రాట్నాన్ని దగ్గరికెళ్లి చూసినవాళ్లు నాకు కనబడలేదు. దాన్ని కొట్టెయ్యి.

నాకు నిజంగా కోపం వచ్చింది రెండో పేజీలో. 'క్యూలో నిలబడి చూస్తుంటే గుర్రం ఎడమ భుజం మీద చెక్కిన పూలు మెరిశాయి' అని రాశావు. అమెరికాలో ఈ రాట్నాలు గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతాయి. బయట నిలబడ్డవాళ్లకి కనిపించేది గుర్రం కుడి పక్క. అందుకే పూలు, ఎగిరే జూలు, రంగురాళ్లు, బంగారు రేకు, చెక్కేవాడి పనితనమంతా కుడివైపే ఉంటుంది. ఎడమ పక్క సాదాగా వదిలేస్తారు. ఇంగ్లండులో రాట్నం గడియారం ముల్లు వెంటే తిరుగుతుంది కాబట్టి అలంకారం ఎడమ పక్కకి మారుతుంది. ఇది చిన్న పొరపాటు అనుకోకు. నువ్వు గుర్రాన్ని కాకుండా, గుర్రాన్ని చూసి నీకు కలిగిన సంబరాన్ని చూసుకున్నావని నాకు అక్కడే తెలిసిపోయింది.

ఒక వస్తువు గురించి రాస్తే ముందు అది ఎలా తయారైందో రాయాలి. నీ మనసులో ఏం కదిలిందో ఆ తర్వాత. ఈ మాట మీద నేను చాలామందితో పోట్లాడాను, నీతోనూ పోట్లాడతాను. ఆ గుర్రం ఒక్క దుంగలోంచి రాలేదు. బాస్‌వుడ్ లాంటి మెత్తని చెక్క పలకల్ని జిగురుతో అతికించి, లోపల డొల్లగా, ముందు ఒక పెట్టెలా కడతారు. అలా చేస్తే బరువు తగ్గుతుంది, చెక్క బీటలివ్వదు. కాళ్లు విడిగా చెక్కి అతుకుతారు. చెక్కలోని నార కాలి పొడవునా సాగాలి, అడ్డంగా ఉంటే కాలు పుటుక్కున విరుగుతుంది. తల చెక్కేది పెద్ద పనివాడు, ఒళ్లూ కాళ్లూ కిందివాళ్లు. బయటి వరసలో పెద్ద గుర్రాలు, లోపలికి పోయేకొద్దీ చిన్నవి, వాటి మీద పనితనమూ తక్కువే. ఇందులో ఒక్క ముక్కైనా నీ వ్యాసంలో ఉందా?

నా మొదటి పెద్ద వ్యాసం కొండపల్లి బొమ్మల మీద. తెల్ల పొణికి కర్రని ఎలా ఆరబెడతారో, ఏనుగు కాళ్లని విడిగా చెక్కి, చింతగింజల పొడీ రంపపు పొట్టూ కలిపిన మక్కుతో ఎలా అతుకుతారో చూడటానికి పన్నెండు రోజులు ఆ వీధిలో కూర్చున్నాను. బస్సు చార్జీలకి చేతిలో ఉన్న వాచీ అమ్ముకున్నాను. ఒక వారపత్రిక సంపాదకుడు మక్కు పేరా మొత్తం తీసేసి, 'మా అమ్మమ్మ ఇంట్లో బొమ్మల కొలువు' అన్న రెండు వాక్యాల్ని పెద్దక్షరాల్లో వేశాడు. పాఠకులకి జ్ఞాపకాలే కావాలట. ఇప్పటికీ ఆయన్ని క్షమించలేదు. నీ మక్కు పేరాని నువ్వే ముందుగా కోసేసుకున్నావు, అదీ నా బాధ.

ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ 1662లో పారిస్‌లో 'కరోసెల్' పేరుతో చేయించిన గుర్రపు వేడుకకి ఒక పేజీ ఇచ్చావు. దానికి రెండు వాక్యాలు చాలు. మిగిలిన చోటు పనివాళ్లకివ్వు. చార్లెస్ లూఫ్ పగలు ఫర్నిచర్ కార్ఖానాలో పనిచేసి, అక్కడ మిగిలిన చెక్కముక్కలతో రాత్రుళ్లు బొమ్మలు చెక్కాడు. 1876లో న్యూయార్క్ సముద్రతీరంలోని కోనీ ఐలాండ్‌కి మొదటి రాట్నం అలా వచ్చింది. లిథువేనియా నుంచి వచ్చిన మార్కస్ ఇలియన్స్ యూదుల ప్రార్థనా మందిరాలకి సింహాలు చెక్కాడు. అవే చేతులు కోనీ ఐలాండ్‌లో పళ్లు బయటపెట్టి జూలు విదిలించే గుర్రాల్ని చెక్కాయి. ఇలాంటివాళ్లు ఉండగా రాజుగారెందుకమ్మా?

నువ్వు ఎక్కిన రాట్నాన్నే చూడు. ఫిలడెల్ఫియా టొబాగన్ కంపెనీ 1922లో చేసింది, 48 గుర్రాలు. ఒహాయోలోని యంగ్స్‌టౌన్‌లో ఐడోరా పార్కులో తిరిగేది. 1984లో పార్కులో మంటలు లేచాయి, ఆ ఏడే వేలానికొచ్చింది. అప్పట్లో వేలాల్లో గుర్రాల్ని విడివిడిగా కొనుక్కుపోయి డ్రాయింగ్ రూముల్లో నిలబెట్టుకునేవారు. ఎన్నో రాట్నాలు అలా ముక్కలైపోయాయి. జేన్ వాలెంటాస్ దంపతులు దీన్ని మొత్తంగా కొన్నారు. ఆవిడ చిన్న కత్తి పట్టుకుని, పార్కువాళ్లు పూసిన పెయింటుని పొర తర్వాత పొర గీకుతూ, అడుగునున్న అసలు రంగుల్ని ఏళ్ల తరబడి వెతికింది. 2011లో గానీ అది మళ్లీ జనం కోసం తిరగలేదు. ఆవిడ పేరే నీ వ్యాసానికి శీర్షిక. ఆవిడ మాత్రం అందులో ఎక్కడా లేదు!

మనవరాల్ని గుర్రమెక్కించి, తను కింద నిలబడి ఆ చెక్క కాలిని నిమురుతున్న ముసలాయన గురించి రాశావు చూడు, ఆ వాక్యం ముట్టుకోవద్దు.

ఏ పత్రికకి పంపాలో, పుస్తకం ఎప్పుడు వేయాలో అడిగావు. ముందు ఇంకోసారి అక్కడికి వెళ్లు. ఈసారి బయటి గుర్రం కోసం పరిగెత్తకు. లోపలి వరసలో చిన్నది ఎక్కి, దిగాక ఎడమవైపు వంగి చూడు. ఉలి ఎక్కడ ఆగిపోయిందో చూసి నాకు రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు