పదసూచిక, పాదసూచిక: మధ్యలో ఒక్క దీర్ఘం

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం నిన్న అందింది. దివిసీమ ఉప్పెన మీద నవల మొదలుపెట్టావని తెలిసి సంతోషించాను. లైబ్రరీలో రెండు రోజులు కూర్చున్నా ఏమీ దొరకలేదని, కాల్ నంబరు అడిగితే ఇంకేదో నంబరు రాసిచ్చి నవ్వులపాలయ్యానని వాపోయావు. ఊరుకో అమ్మా, నేనూ అదే పని చేశాను. అప్పుడు నాకు నీ అంత వయసు కూడా లేదు.

నువ్వు రాసిచ్చింది యాక్సెషన్ నంబరు అయ్యుంటుంది. పుస్తకం లైబ్రరీకి వచ్చినప్పుడు రిజిస్టరులో ఎక్కించే వరుస సంఖ్య అది. పుస్తకం పోతే లెక్క తేల్చుకోవడానికి వాళ్లకి కావాలి, నీకు అక్కర్లేదు. నీకు కావలసింది పుస్తకం వెన్ను మీద చీటీలో ఉండే కాల్ నంబరు. దాన్నిబట్టే ఏ ర్యాకులో, ఏ పుస్తకం పక్కన ఉంటుందో తెలుస్తుంది. మన లైబ్రరీల్లో చాలాచోట్ల పుస్తకాలకి విషయాన్నిబట్టి అంకెలిచ్చే పద్ధతి ఒకటి నడుస్తోంది, డ్యూయీ అనే అమెరికా ఆయన 1876లో అచ్చువేసింది. మన లైబ్రరీ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1933లో ఇలాంటిదే కోలన్ పద్ధతి తెచ్చారు, కొన్ని యూనివర్సిటీల్లో అదీ కనిపిస్తుంది. ఈ అంకెలు బట్టీ పట్టక్కర్లేదు. కానీ ఒక చిక్కు తెలుసుకో. డ్యూయీ లెక్కలో తుపాను గాలుల సంగతి 551.55లో ఉంటుంది. విపత్తు సహాయం 363.34లో, ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84లో, తెలుగు కథలూ నవలలూ 894.827లో. నీ ఉప్పెన ఒక్కటే, ర్యాకులు నాలుగు. నువ్వు రెండు రోజులూ చరిత్ర ర్యాకు దగ్గరే నిలబడ్డావని నా అనుమానం. అందుకే ముందు కేటలాగులో, అంటే లైబ్రరీ పుస్తకాల జాబితాలో, విషయం పేరుతో వెతకాలి. కంప్యూటర్‌లో ఉన్న కేటలాగునే ఓపాక్ అంటారు. భయపడకు, అది పాత కార్డుల సొరుగే, తెర మీదికి ఎక్కింది.

పుస్తకం చేతికొచ్చాక మొదటి పేజీ నుంచి చదవకు. వెనక్కి తిప్పు. మనం బళ్లో నోటుపుస్తకం ముందు పేజీలో గీతలు కొట్టి 'ఇండెక్స్' అని రాసుకున్నామే, అది నిజానికి విషయసూచిక. అసలు ఇండెక్స్ పుస్తకం చివర ఉంటుంది. పేర్లు, ఊళ్లు అకారాదిగా వేసి పేజీ నంబర్లు ఇస్తారు. దాని పేరు పదసూచిక. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, పైన రాసిన మాట ఎక్కడ నుంచి తీసుకున్నారో చెప్పేది పాదసూచిక. ఒక్క దీర్ఘమే తేడా, పని మాత్రం వేరు. పదసూచికలో 'నాగాయలంక' కనిపిస్తే ఆ రెండు పేజీలు చూసి పక్కన పెట్టొచ్చు, మిగతా నాలుగొందల పేజీల జోలికి పోనక్కర్లేదు. మన తెలుగు పుస్తకాల్లో చాలావాటికి పదసూచికే ఉండదు, అది వేరే ఏడుపు. ఇంకోటి, 'మూడవ ముద్రణ' అని ఉంటే ఉన్నది ఉన్నట్టు మళ్లీ అచ్చేశారా, రచయిత మార్పులు చేశారా అని చూసుకో. మనవాళ్లు రెండింటినీ ముద్రణే అంటారు.

ఇప్పుడు నా సిగ్గుమాలిన కథ ఒకటి చెప్తాను. ఉప్పెన మీద ఒక వ్యాసంలో మృతుల అంకె వేశాను. నాలుగు పుస్తకాల్లో అదే ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. తీరా ఒక పాఠకుడు కార్డు రాసి నిలదీస్తే పాదసూచికలు పట్టుకుని వెనక్కి నడిచాను. నాలుగోది మూడోదాన్ని చూపిస్తుంది, మూడోది రెండోదాన్ని, రెండోది మొదటిదాన్ని. మొదటి పుస్తకంలో పాదసూచికే లేదు! నాకు సాక్షులు నలుగురు కారు, ఒక్కడే. వాడూ ఎవరో చెప్పగా విన్నవాడు. 10 వేలనీ, 14 వేలనీ రకరకాల అంకెలు ఇప్పటికీ తిరుగుతున్నాయి. ఏ అంకె ఎవరు, ఎప్పుడు లెక్కపెట్టారో రాయకుండా వాడకు. ప్రాథమిక ఆధారం, ద్వితీయ ఆధారం అని పెద్ద మాటలు వాడతారే, దాని సంగతింతే. ఆనాటి పేపరు, కలెక్టరాఫీసు కాగితం, ఒడ్డున బతికి బయటపడ్డ మనిషి మాట ప్రాథమికం. వాటిని చదివి తర్వాత ఇంకొకరు రాసింది ద్వితీయం. ద్వితీయమంటే తక్కువని కాదు, దారి చూపేది తరచు అదే. అక్కడే ఆగిపోతే మాత్రం నాలాగా అవుతుంది.

పేపర్ల విషయంలో ఒక జాగ్రత్త. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19, శనివారం. ఆదివారం పేపరు తీసి 'ఇంతేనా' అనుకోకు. రోడ్లు తెగి, స్తంభాలు కూలి, అక్కడి కబురు బయటికి రావడానికే రోజులు పట్టింది. డిసెంబరు నెలాఖరు దాకా బైండు వాల్యూములు తిప్పు. పాత పేపర్లకైతే వేటపాలెం సారస్వత నికేతనం లైబ్రరీ పేరున్న చోటు, 1918 నుంచి ఉంది. వెళ్లే ముందు ఫోన్ చేసి అడుగు. బైండు విప్పేటప్పుడు పేజీని మూల పట్టి లాగకు, అరచెయ్యి కింద పెట్టి తిప్పు. ఆ కాగితం అప్పడంలా విరుగుతుంది.

ఇక నెట్. 'ఉప్పెన' అని కొడితే నీకు సినిమా పాటలే వచ్చాయని రాశావు. 2021లో ఆ పేరుతో సినిమా వచ్చింది మరి! కీవర్డ్ అంటే నీకు నచ్చిన మాట కాదు, ఆ కాగితం రాసినవాడు వాడి ఉండే మాట. అప్పటి పేపరు 'తుఫాను' అని రాసిందా, 'తుపాను' అనా? రెండూ కొట్టు. ఇంగ్లిష్‌లో 'ఆంధ్రా సైక్లోన్ 1977' అనీ కొట్టు. 'దివిసీమ ఉప్పెన' లాంటి మాటలు పక్కపక్కనే కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టు. 'సినిమా' వద్దనుకుంటే దాని ముందు ఖాళీ వదలకుండా మైనస్ పెట్టు. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో తెలుగు పుస్తకాలు వేలకొద్దీ ఉన్నాయి. చాలావాటి పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎవరికి తోచిన స్పెల్లింగులో వాళ్లు ఎక్కించారు. ఇలా పుస్తకం గురించి రాసిన వివరాలనే మెటాడేటా అంటారు. అది తప్పయితే పుస్తకం ఉండీ లేనట్టే. పైగా స్కాన్ చేసింది బొమ్మ. దాన్ని అక్షరాలుగా గుర్తుపట్టే ఓసీఆర్ పాత తెలుగు అచ్చు దగ్గర తడబడుతుంది. లోపల వెతికితే రాలేదంటే లేదని కాదు, కూర్చుని పేజీలు తిప్పాల్సిందే.

దొరికిన ప్రతిదానికీ అప్పటికప్పుడే రచయిత, పుస్తకం, సంవత్సరం, పేజీ రాసుకో. నెట్‌లోది అయితే చూసిన తేదీ కూడా. తర్వాత రాసుకుందాంలే అనుకుంటే మళ్లీ దొరకదు, ఒట్టు.

అన్నట్టు, మీ అమ్మమ్మ ఆ రాత్రి కోడూరులోనే ఉన్నారని ఒకసారి అన్నావు. ఉత్తరంలో ఆవిడ ఊసే లేదు. ఈ వారమే ఫోన్‌లో రికార్డు చెయ్యి. మొదట్లోనే తేదీ, ఊరు, ఆవిడ వయసు నీ గొంతుతో చెప్పు. మధ్యలో అందించకు, ఆగితే ఆగనివ్వు. ఆవిడ 'శుక్రవారం' అంటే సరిచెయ్యకు, అలాగే ఉంచి పక్కన రాసుకో.

మీ మాష్టారు