కంటిచూపుతో కంప్యూటర్ సరే.. ఆ నిద్రమాత్ర ఎవరు రాశారు?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. మోటార్ న్యూరాన్ జబ్బని రెండేళ్ల క్రితం తేలింది. చేతులు లేవట్లేదు, మాట మాకు అర్థం కావట్లేదు. కళ్లతో కంప్యూటర్ నడిపే పరికరం కొందామనుకుంటున్నాం. కెమెరాది మేలా, తలకు టోపీలా పెట్టేదా? కళ్లు పాడవుతాయా? ఈమధ్య తింటుంటే పొలమారుతోంది. పొద్దున్నే తలనొప్పి. రాత్రి నిద్రపట్టట్లేదని మెడికల్ షాపులో అడిగి మాత్ర వేస్తున్నాం.
- ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, కంప్యూటర్ సంగతి తర్వాత. మీరు చివర్లో రాసిన మూడు ముక్కలే నన్ను కంగారు పెడుతున్నాయి. కండరాలను నడిపే నరాలను దెబ్బతీసే ఈ జబ్బు ఊపిరి పీల్చే కండరాలనూ వదలదు. పడుకున్నప్పుడు శ్వాస చాలక రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటే నిద్ర పట్టదు, తెల్లారేసరికి తల బరువెక్కుతుంది. అలాంటి మనిషికి మత్తు మాత్ర వేస్తే ఉన్న ఊపిరీ మందగించవచ్చు. షాపులో కుర్రాడికి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? మీరైనా డాక్టరుకు ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది. ఎన్నాళ్లుగా వాడుతున్నారో రాయలేదు కాబట్టి ఉన్నట్టుండి మానేయమని చూడకుండా చెప్పలేను. మాత్రల షీటు పట్టుకుని రేపే న్యూరాలజిస్టును కలవండి. ఊపిరి పరీక్ష చేసి, అవసరమైతే రాత్రిళ్లు బైపాప్, అంటే మాస్కుతో గాలి అందించి ఊపిరికి సాయపడే యంత్రం, పెడతారు. ఆక్సిజన్ సిలిండర్ మాత్రం సొంతంగా తెచ్చి పెట్టకండి. ఆయాసం పెరిగినా, మగతగా పడి ఉన్నా రేపటిదాకా ఆగొద్దు, వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.

పొలమారడం కూడా చిన్న విషయం కాదు. నిటారుగా కూర్చోబెట్టి తినిపించండి. చాలామందికి ముద్దకన్నా చారు, మంచినీళ్లే ఎక్కువ అడ్డం పడతాయి. తిండి పంపడానికి పొట్టలోకి గొట్టం అవసరమా అన్నది ఊపిరి బాగా తగ్గకముందే మాట్లాడుకోవాలి.

ఇక పరికరం. ఈ జబ్బులో కంటి కదలికలు చాలాకాలం నిలుస్తాయి, అందుకే కెమెరాదే నయం. కనుపాపను గమనిస్తుంది, అక్షరం మీద కాసేపు చూపు నిలిపితే టైపవుతుంది. నా దగ్గరకొచ్చే ఒకాయన మొట్టమొదట కొట్టిన మాట 'ఫ్యాన్ తగ్గించు'. కళ్లు పాడవవు గానీ రెప్పవేయడం తగ్గి పొడిబారతాయి. ఎరుపుకని షాపువాళ్లిచ్చే చుక్కలు వద్దు, వాటిలో స్టెరాయిడ్ ఉండొచ్చు. శుక్లాలున్నాయేమో చూపించి, పరికరం నాన్నగారికి సరిపడుతుందో లేదో వాడిచూశాకే కొనండి.

టోపీది మెదడు తరంగాలు పడుతుంది. 1988లోనే అలా అక్షరాలు ఎంచి చూపించారు, అయినా ఇంట్లో రోజూ తలకు జెల్ రాసి తగిలించడం మీవల్ల కాదు. కొన్నింటిలో తెరమీద గళ్లు మినుకుమినుకుమంటాయి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే అది అసలే వద్దు.

పరికరం వచ్చేలోగా పైకి చూస్తే ఔను, కళ్లు మూస్తే కాదు అని అనుకోండి. పడుకుంటే ఊపిరాడుతోందా అని ఈ రాత్రే అడగండి.