చారడేసి కళ్లు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథను రెండుసార్లు చదివాను. నీటికాసులతో, అంటే కంటిలో ఒత్తిడి పెరిగే గ్లకోమా జబ్బుతో పుట్టిన బాబుకు ఆపరేషన్ జరిగి, కట్టు విప్పగానే వాడు అమ్మ ముఖం చూసి నవ్వడంతో కథను ముగించావు. ఆ ముగింపు తీసెయ్యమ్మా. ఆపరేషన్ కంటిలోని ఒత్తిడిని తగ్గించి ఉన్న చూపును కాపాడుతుందే గాని, అప్పటికే దెబ్బతిన్న కంటి నరాన్ని బాగుచెయ్యలేదు. ఒత్తిడి మళ్లీ ఎప్పుడైనా పెరగవచ్చు గనుక ఆ బిడ్డ జీవితాంతం పరీక్షలకు వెళ్తూనే ఉండాలి. నీ కథ ఆ కట్టు విప్పిన దగ్గర మొదలుకావాలి.

మా చెల్లెలి మనవరాలికి మూడో నెల నిండినప్పుడు నేను విజయవాడ వెళ్లి, ఒళ్లో పడుకోబెట్టుకుని, ‘చారడేసి కళ్లమ్మా నీవి’ అని మురిసిపోయాను. వెలుతురు పడితే పాప కళ్లు గట్టిగా మూసుకుని తల్లి భుజంలో ముఖం దాచుకునేది, ఎప్పుడూ నీళ్లు కారుతుండేవి, జలుబనుకున్నాం. పసికందుల కంటిపొర మెత్తన కనుక లోపలి ఒత్తిడికి కనుగుడ్డే సాగి పెద్దదవుతుందని, నల్లగుడ్డు మీద మసక కమ్మాక గాని మాకు తెలియలేదు. ఆ తర్వాత ‘చారడేసి కళ్లు’ అన్న మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. ఆ మాట ఎలా మాయమైందో రాయగలిగితే, ‘తల్లి గుండె పగిలింది’ అనే వాక్యంతో నీకు పని ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 జననాలకు ఒకరికి ఈ జబ్బు ఉన్నట్టు లెక్క. పాశ్చాత్య దేశాల కంటే ఇది చాలా ఎక్కువ, మేనరికాలు అందుకు ఒక కారణమని వైద్యులు చెబుతారు. మా చెల్లెలు తన కూతుర్ని ఆడపడుచు కొడుక్కే ఇచ్చింది. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వస్తేనే సాధారణంగా బిడ్డకు ఈ జబ్బు వస్తుంది, అయినా ‘గ్రహణం నాడు బయటికొచ్చావా’ అన్న ప్రశ్నకు సంజాయిషీ చెప్పుకున్నది ఆ తల్లి ఒక్కతే. అలా అడిగిన అత్తగారిని దుర్మార్గురాలిగా రాయకు. ఆవిడ మనవరాలి కోసం తిరుపతికి నడిచి వెళ్లిన మనిషి.

పసిపిల్లలు కదలకుండా ఉండరు కనుక మత్తిచ్చి పరీక్ష చేస్తారు. దానికి కొన్ని గంటల ముందు నుంచీ పాలివ్వకూడదు. తాడిగడపలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి బందరు రోడ్డు వెంట ఆటోలో వెళ్తుంటే, పాల వాసన తగిలి ఏడుస్తుందని పాపను తండ్రి ఎత్తుకునేవాడు, తల్లి పైట నిండా కప్పుకుని ఆ చివర ఒదిగి కూర్చునేది. పాప అన్నయ్య సంగతి ఎవరికీ పట్టేది కాదు. ఆరేళ్లవాడు ఒకనాడు కళ్లు మూసుకుని గోడ తడుముకుంటూ నడుస్తుంటే ఏమిట్రా అని అడిగాను. ‘చెల్లికి ఎలా ఉంటుందో చూస్తున్నా పెద్దమ్మమ్మా’ అన్నాడు.

తిరిగి రాసేముందు మా చెల్లెలింటికి వెళ్లు. రాత్రి ఎనిమిదింటికి మా చెల్లెలు చుక్కలు వేసి, మందు గొంతులోకి జారకుండా ఆ పిల్ల కంటి మూలను వేలితో నొక్కిపట్టి కూర్చుంటుంది. ఆ కాసేపూ ఏమీ అడగకుండా పక్కన కూర్చో.

పెద్దమ్మ