కుంటికాలు, గుర్రపు దళం

ప్రశ్న: రచయిత వాల్టర్ స్కాట్‌కు చిన్నప్పుడే పోలియోతో కాలు అవిటిదైందని చదివాను. మరి గుర్రపు దళంలో ఆఫీసరు ఎలా అయ్యాడు? ఈయన పుట్టు జమీందారేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: రెండోది ముందు చెప్పేస్తాను. కాదండీ, స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరోలో లాయరుగారబ్బాయి, తనూ లాయరే. 1811లో ట్వీడ్ నది ఒడ్డున 110 ఎకరాల పొలం కొన్నాడు. ఊళ్లోవాళ్లు దాన్ని ‘మురికి గుంట’ అని వెక్కిరించేవారు. ఈయన అబట్స్‌ఫర్డ్ అని పేరు మార్చి, కోటలాంటి ఇల్లు కట్టి, చుట్టుపక్కల పొలాలు కొంటూ చెట్లు నాటిస్తూ పోయాడు. 1826లో లక్ష పౌండ్ల పైచిలుకు అప్పు నెత్తిన పడింది. అది వేరే కథ.

ఇక గుర్రం సంగతి. 1797లో ఫ్రాన్స్ ఎప్పుడు దండెత్తుతుందోనని బ్రిటన్‌లో ఒకటే టెన్షన్. ఎడిన్‌బరో పెద్దమనుషులు కొందరు సొంత గుర్రాలతో స్వచ్ఛంద దళం పెట్టుకున్నారు. స్కాట్‌కి క్వార్టర్‌మాస్టర్ పదవి ఇచ్చారు, అంటే సరంజామా చూసుకునే పని. వరుసల్లో పడి నలిగిపోకూడదని కావాలనే ఆ పని అప్పగించారు. కానీ ఏడాదిన్నర వయసులో చచ్చుబడిన ఆ కుడికాలు నేలమీద కుంటేదే తప్ప, జీనెక్కితే ఆయన ఎవరికీ తీసిపోడు.

ఆ దళం కసరత్తు గురించి సమకాలికుడు కాక్‌బర్న్ రాసింది చదివితే నాకు నవ్వాగదు. కర్ర కొసన ఒక టర్నిప్ దుంప గుచ్చి నిలబెట్టేవారు. అదే ఫ్రెంచి సైనికుడు! ఒక్కొక్కరే గుర్రం దౌడు తీయించి దాన్ని కత్తితో నరకాలి. మిగతావాళ్లకు దుంప తెగడం కంటే తాము కిందపడకుండా ఉండటమే గొప్ప. స్కాట్ మాత్రం ‘నరకండి ఆ దుర్మార్గుల్ని, నరకండి’ అని గొణుక్కుంటూ దూసుకెళ్లేవాడట. కాలు కుదురుగా లేక దెబ్బ తరచూ వంకరగా పడేది. తిట్లకు మాత్రం లోటులేదు.

1802లో సముద్రపు ఒడ్డున డ్రిల్లులో గుర్రం తన్నితే మూడు రోజులు మంచం దిగలేదు. ఆ మూడు రోజులూ పడుకునే కావ్యం రాసుకున్నాడు. మరోసారి, ఇంగ్లండులో భార్యతో ఉండగా, ఫ్రెంచివాళ్లు వస్తున్నారన్న పుకారు చెవిన పడింది. వెంటనే బయల్దేరి, 24 గంటల్లో 100 మైళ్లు స్వారీ చేసి ఎడిన్‌బరో దగ్గరి డాల్కీత్ ఊళ్లో తన దళాన్ని కలుసుకున్నాడు.

తీరా వెళితే ఫ్రెంచివాడు ఒక్కడూ లేడు. దారిలో గుర్రం మీదే ఒక పాట మాత్రం కట్టేశాడు.