లేవగానే కళ్లు తిరిగితే గుండెజబ్బు ఉన్నట్లేనా?

ఉన్నట్లే అనుకోనక్కర్లేదు, కానీ రెండింటికీ సంబంధం ఉంది. నిలబడగానే అర లీటరు దాకా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. రక్తపోటు పడిపోబోతుండగా, మెడలోని కెరోటిడ్ ధమనిలోను, గుండె నుంచి బయల్దేరే బృహద్ధమని వంపులోను ఉన్న గ్రాహకాలు ధమని గోడ సాగడం తగ్గిందని పసిగట్టి మెదడుకు కబురు పంపుతాయి. కొన్ని సెకన్లలోనే గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి.

వయసుతో ధమనులు గట్టిపడినా, మధుమేహంతో నాడులు దెబ్బతిన్నా ఈ స్పందన మందగిస్తుంది; అప్పుడు మెదడుకు రక్తం చాలక కళ్లు తిరుగుతాయి. ఏళ్ల తరబడి అధిక రక్తపోటు ఉన్నవారిలో అసలు చిక్కు వేరు: గ్రాహకాలు ఆ ఎక్కువ స్థాయికే అలవాటుపడి దాన్నే కాపాడుతుంటాయి! ఇక గుండెపోటు వచ్చినవారిలో ఈ ప్రతిచర్య బలహీనంగా ఉంటే ప్రాణాపాయం ఎక్కువని 1998లో లాన్సెట్‌ వైద్య పత్రిక ప్రచురించిన అధ్యయనంలో తేలింది.

నిలబడిన 3 నిమిషాల్లోపు బీపీ పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గితే వైద్యులు దాన్ని సమస్యగానే పరిగణిస్తారు. ఒంట్లో నీరు తగ్గినా, కొన్ని బీపీ మందుల వల్లా ఇలా జరుగుతుంది కాబట్టి, గుండెను అనుమానించే ముందు వాటిని చూడటం మేలు. మందులు మాత్రం సొంతంగా ఆపకండి. స్పృహ తప్పినా, ఛాతీలో నొప్పి వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.