అపహరణ కథ తీయబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గుముఖం పట్టిందని విని సంతోషించాను.

నువ్వు పంపిన స్క్రిప్టు రెండుసార్లు చదివాను, రెండోసారి పెన్సిలు చేత పట్టుకొని చదివాను. ఒకప్పుడు వంద రోజుల సినిమాలు చేసి, ఇప్పుడు బట్టల కొట్టు ప్రారంభోత్సవానికి కూడా పిలుపు రాని ఒక పాత హీరోను నలుగురు కుర్రాళ్ళు ఎత్తుకెళ్ళి 2 కోట్లు అడగడం, తీరా ఆ డబ్బు కట్టే మనిషి కోసం వాళ్ళే వెతుక్కోవలసి రావడం మంచి కథ. 1 కోటి 20 లక్షల ఖర్చుతో 22 రోజుల్లో తీస్తానని రాశావు. తీయవచ్చు. అయితే ఇప్పుడున్న సీన్లతో మాత్రం తీయలేవు. నలభై ఏళ్ళు కో-డైరెక్టరుగా షెడ్యూళ్ళు వేసిన చేత్తో చెబుతున్నాను, నీ ఖర్చులో సగం మొదటి ఇరవై నిమిషాల్లోనే కరిగిపోతుంది. రోడ్డు మీద కార్ల వెంటపడటం, ఫ్లైఓవరు మీద అడ్డగించడం, జనం పరుగులు తీయడం, ఇవన్నీ పెద్ద సినిమాలవాళ్ళు నీకన్నా బాగా తీస్తారు. నీ దగ్గర ఉన్నది, వాళ్ళ దగ్గర లేనిది ఆ పాత హీరో ముఖం ఒక్కటే. నీ డబ్బూ, రోజులూ, తెలివీ అన్నీ దాని చుట్టూ తిరగాలి.

అసలు నీ కథలో ఉత్కంఠ ఎక్కడుందో ముందు చూసుకో. 2000 జూలై 30 రాత్రి గాజనూరు తోట ఇంటి నుంచి కన్నడ నటుడు రాజ్‌కుమార్ గారిని గంధపుచెక్కల దొంగ వీరప్పన్ అడవిలోకి తీసుకుపోయినప్పుడు ఆయన వయసు 71 ఏళ్ళు. కర్ణాటక ముఖ్యమంత్రికి అందించమని ఒక క్యాసెట్టును రాజ్‌కుమార్ గారి భార్య పార్వతమ్మ గారి చేతిలో పెట్టి వెళ్ళాడు. మర్నాటికి బెంగళూరు స్తంభించిపోయింది. కర్ణాటక, తమిళనాడు ప్రభుత్వాలు రెండూ తలమునకలయ్యాయి. నవంబరు 15న విడుదలయ్యేదాకా, అంటే 108 రోజులు, ఒక జాతి మొత్తం ఆయన కోసం ఊపిరి బిగబట్టింది. నీ హీరో విషయంలో జరిగేది దీనికి పూర్తిగా తలకిందులు. ఆయన కనబడకుండా పోయి రెండు రోజులైనా ఎవరూ గమనించరు. గుమ్మం ముందు పాల ప్యాకెట్లు పేరుకుంటాయి. అపహరించినవాళ్ళు టీవీ పెట్టుకొని స్క్రోలింగు కోసం ఎదురుచూస్తుంటే వాళ్ళతో పాటు ఆయనా చూస్తాడు. ఆ సీను నీ స్క్రిప్టులో 31వ పేజీలో ఉంది, నాలుగు వాక్యాలతో ముగించేశావు. అది నీ సినిమాకు గుండెకాయ. దాన్ని నాలుగు పేజీలు చెయ్యి. తన వెల ఎంతో తనకు తెలిసిపోతున్న మనిషి, తనను బంధించినవాళ్ళ ముందు ఆ సంగతి దాచుకోవడానికి పడే పాట్లు నటించగల ముఖం దొరికితే, ఫ్లైఓవరు సీను గుర్తుకు కూడా రాదు.

ఇక ఎత్తుకెళ్ళడం గురించి. దక్షిణ కొరియా నటి చోయ్ ఉన్-హీ ఉదంతం నువ్వు విని ఉండవు. ఒకప్పుడు ఆ దేశంలో ఆమెను మించిన తార లేదు. తరువాత భర్త, దర్శకుడు షిన్ సాంగ్-ఓక్‌తో విడాకులయ్యాయి, నడుపుతున్న నటన పాఠశాల ఆర్థికంగా కుంగింది. 1978 జనవరిలో సినిమా పని ఉందన్న ఆశ చూపి హాంకాంగ్ రప్పించి, అక్కడి నుంచి ఉత్తర కొరియాకు తరలించారు. కొన్ని నెలలకు ఆమె మాజీ భర్తనూ అలాగే తీసుకుపోయారు. ఆ ఇద్దరి చేత అక్కడి దేశాధినేత కొడుకు కిమ్ జోంగ్-ఇల్ సినిమాలు తీయించుకున్నాడు. 1986లో వియన్నా వెళ్ళినప్పుడు అమెరికా రాయబార కార్యాలయంలోకి పరుగెత్తి బయటపడ్డారు. ఇందులో నీకు పనికివచ్చేది ఒక్కటే. అవకాశాలు తగ్గిన నటుణ్ణి ఎత్తుకెళ్ళడానికి కత్తులూ కార్లూ అక్కర్లేదు, "మీరు తప్ప ఈ వేషం ఇంకెవరూ వేయలేరండీ" అన్న ఒక్క ఫోను చాలు. నీ హీరో ఉదయం నాలుగింటికి లేచి, తలకు రంగు వేసుకొని, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, మేకప్ పెట్టె తానే మోసుకుంటూ వచ్చి, తనను బంధించబోయే కారులో తానే తలుపు తీసుకొని కూర్చోవాలి. ఒక కారు, ఒక ఇల్లు, ఒక తెల్లవారుజాము. అర్ధరోజులో అయిపోతుంది, చూసేవాడికి మాత్రం కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది.

ఆయన్ను దాచే చోటుగా మూతపడిన సినిమా హాలు రాశావు. ఆ ఆలోచన అందరికీ వస్తుంది నాయనా, అందుకే వద్దంటున్నాను. ఫంక్షన్ హాలు చూడు. ఆషాఢంలోనో మూఢంలోనో ముహూర్తాలు లేక హాళ్ళు ఖాళీగా ఉంటాయి, అద్దె దగ్గర బేరం కుదురుతుంది, వారం పది రోజులు వరుసగా ఇస్తారు. పెళ్ళికూతురి గదిలో బల్బులు బిగించిన పెద్ద అద్దం ఉంటుంది, అది అచ్చం మేకప్ రూమే. స్టేజీ మీద వెనకటి పెళ్ళి వాళ్ళ పేర్లలోంచి ఊడిపోకుండా మిగిలిన రెండు థర్మకోల్ అక్షరాలుంటాయి. కుప్పగా పేర్చిన ఎర్ర కుర్చీలుంటాయి. కళాదర్శకుడికి నువ్వు ఇవ్వవలసిన డబ్బులో సగం అక్కడే మిగులుతుంది. ఆషాఢమంటే వాన కూడా ఉంటుంది గనక, భోజనాల హాలు రేకుల కప్పు కింద మాటలు రికార్డు చేసే పని మాత్రం పెట్టుకోకు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. నీ హీరో తప్పించుకునే ఘట్టంలో నలుగురినీ కొట్టి బయటపడతాడని రాశావు. 65 ఏళ్ళవాడు కొట్టలేడు. కొడితే జనం నవ్వుతారు, ఆ నవ్వు ఆయన్ను అవమానిస్తుంది. ఆయన పనివాడు. ముప్ఫై ఏళ్ళు చేసిన పని ఆయన ఒంట్లో ఉంటుంది. దానితోనే గెలవనివ్వు.

నేను కొత్తగా చేరిన రోజుల్లో మద్రాసులో ఒక పెద్ద నటుణ్ణి గమనించాను. షాట్‌కు ముందు కళ్ళు మూసుకొని నిలబడేవారు. దర్శకుడు గుర్తు పెట్టిన చోటు నుంచి కళ్ళు తెరవకుండానే అర అడుగు ఎడమకు జరిగి, గడ్డం కొద్దిగా ఎత్తి, అక్కడ ఆగేవారు. కెమెరామన్ లైటు సరిచేయవలసిన అవసరమే రాదు. ఒకనాడు అడిగాను, ఎలా తెలుస్తుందండీ అని. నా చెయ్యి తీసుకొని తన చెంప పక్కన గాలిలో పట్టించారు. లైటు వేడి సరిగ్గా చెంప ఎముక మీద తగులుతోంది. "ఇక్కడ వెచ్చబడితే ముఖం బాగున్నట్టే" అన్నారు. నీ హీరో కళ్ళకు గంతలు కడతారు కదా, గదిలో ఎక్కడ ఎవరు నిలబడ్డారో, దీపానికీ తనకూ మధ్య ఎవరు అడ్డొచ్చారో ఆయన చెంపకు తెలుస్తుంది. ఇప్పటి ఎల్‌ఈడీ లైట్లకు ఆ వేడి లేదు గనక కుర్రాళ్ళు ఆ గదిలో పాతకాలపు 100 వాట్ల బల్బు వేలాడదీసినట్టు ముందే చూపించు.

రెండోది పెదవులు. మన సినిమాల్లో మాటలు షూటింగు అయ్యాక డబ్బింగ్ థియేటరులో చెప్పించడం ఎన్నో ఏళ్ళుగా ఉన్న పద్ధతి. ఒకే ముక్క తెర మీద మళ్ళీ మళ్ళీ తిరుగుతుంటే, ప, బ, మ దగ్గర పెదవులు కలిసే క్షణానికి గొంతు కలపాలి. ముప్ఫై ఏళ్ళు అలా చేసినవాడు అద్దం తలుపు అవతల మాట్లాడుకునే వాళ్ళ మాటలు కొంతైనా పట్టగలడు. ఇక్కడే నీకొక మలుపు ఉంది. ఆ మూడు అక్షరాలకూ పెదవుల మీద తేడా ఉండదు. "బావ వస్తున్నాడు" అన్నా "మావ వస్తున్నాడు" అన్నా ఒక్కలాగే కనిపిస్తుంది. ఈ పని వెనకున్న మనిషి కుర్రాడి బావా, మావా? ఆయన తప్పుగా చదువుతాడు, ఆ తప్పు మీద మధ్య భాగమంతా నడుస్తుంది. ఇది పైసా ఖర్చు లేని ఉత్కంఠ.

కట్టేసే సీన్ల గురించి చెప్పేటప్పుడు నా తప్పొకటి చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఒక తోటలో వృద్ధ నటుణ్ణి చెట్టుకు కట్టే సీను తీస్తున్నాం. షాట్ కాగానే భోజన విరామం అన్నారు, అందరం వెళ్ళిపోయాం. కట్లు విప్పించవలసిన బాధ్యత నాది. పావుగంట తరువాత మజ్జిగ ఇద్దామని వెళ్ళిన ప్రొడక్షన్ బాయ్ అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నైలాను తాడు మణికట్ల దగ్గర చర్మాన్ని కమిలించేసింది. ఆయన నన్ను కోప్పడలేదు. "కదిలితే కంటిన్యుటీ పోతుందేమోనని ఊరుకున్నాను బాబూ" అన్నారు. ఆ మాట తలుచుకుంటే నాకు అన్నం సహించదు. అందుకని చెబుతున్నాను. నూలు తాడే వాడు, లాగితే ఊడిపోయే ముడే వేయించు. నోటికి నిజమైన టేపు వేయవద్దు. దూరపు షాట్లలో చేతులు వెనక్కి పెట్టుకుంటే చాలు, తాడు దగ్గరి షాట్లకే. కట్లు విప్పడానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెట్టు, అతనికి ఆ రోజు మరే పనీ చెప్పకు. రోడ్డు మీద తీసే చిన్న ముక్కకైనా పోలీసుల అనుమతి తీసుకో. నిజమైన అపహరణ అనుకొని ఎవరైనా 112కు ఫోను చేస్తే తప్పు వాళ్ళది కాదు.

ఆ వేషానికి నిజంగానే పాత హీరో ఒకరిని అడగాలనుకుంటున్నావు. మంచిది. మేనేజరు చేత ఫోను చేయించకుండా నువ్వే వెళ్ళు. స్క్రిప్టు పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించి, బైండు చేయించి, చదవడానికి వారం గడువివ్వు. "ఇది మీ జీవితమే సార్" అని పొరపాటున కూడా అనకు. పోతనగా, త్యాగయ్యగా, వేమనగా జనం చేతులెత్తి మొక్కిన నాగయ్య గారు చివరి రోజుల్లో చిన్న చిన్న వేషాలు వేసి 1973లో కన్నుమూశారు. అటువంటివారి కష్టాన్ని కథలుగా చెప్పుకొని జాలిపడటం మన ఊళ్ళో ఎక్కువ. నీ హీరో తాగుబోతు కానక్కర్లేదు, దివాలా తీయనక్కర్లేదు. పని మానలేదు, పనే ఆయన్ను మానేసింది, అంతే. పారితోషికం ఎంతో మొదటి రోజే తేల్చి, ఒప్పుకున్న తేదీకి ఇవ్వు. టైటిల్స్‌లో పేరు మొదట వెయ్యి. రోజుకు ఎనిమిది గంటలకు మించి ఆపకు, ఆయన దగ్గరి షాట్లు పొద్దున్నే తీసెయ్యి, సాయంత్రానికి కళ్ళ కింద అలసట దాగదు.

పోలీసు సీన్లలో "ఇంకో నిమిషం మాట్లాడించండి, ట్రేస్ అవుతుంది" అన్న మాట కొట్టేశాను. ఫోను ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే టవరు వివరాలు కాల్ రికార్డులోనే ఉంటాయి, అవి చెప్పేది ఇంటి గుమ్మం కాదు, ఆ చుట్టుపక్కల ప్రాంతం. సెక్షను కూడా మార్చు. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది గనక డబ్బు కోసం ఎత్తుకెళ్ళడానికి వర్తించే పాత ఐపీసీ (భారతీయ శిక్షాస్మృతి) 364ఏ స్థానంలో 140(2) ఉంది. శిక్ష మరణదండన గానీ, యావజ్జీవం గానీ. అయితే ఎత్తుకెళ్ళడం, డబ్బడగడం రుజువైతే చాలదు, చంపుతామనో హాని చేస్తామనో బెదిరించినట్టో, ఆ భయం కలిగేలా ప్రవర్తించినట్టో, నిజంగానే హాని చేసినట్టో కూడా తేలాలి. 2021లో తెలంగాణకు చెందిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ బెదిరింపు రుజువు కాలేదని 364ఏ కింద పడిన శిక్షను కొట్టేసింది. రహస్యంగా నిర్బంధించడానికి ఎత్తుకెళ్ళినందుకైతే ఏడేళ్ళ దాకా శిక్ష.

నేను ఈ తీర్పు గురించి చదివినప్పటి నుంచి నీ ముగింపు గురించే ఆలోచిస్తున్నాను. కాల్పులు వద్దు. స్టేషన్లో ఇన్‌స్పెక్టరు ఆ పాత హీరో ఎదుట కూర్చొని, "వాళ్ళు మిమ్మల్ని చంపుతామని బెదిరించారా?" అని అడగాలి. గది అవతల నలుగురు కుర్రాళ్ళు. వాళ్ళలో ఒకడు ఆయన పాత పాటలన్నీ కంఠతా వచ్చినవాడు, మరొకడు నిజంగానే ఆయన మెడ మీద కత్తి పెట్టినవాడు. కుర్రాళ్ళ బతుకంతా ఆయన జవాబు మీద ఆధారపడి ఉంది. ఎన్నో ఏళ్ళ తరువాత ఒక గది నిండా మనుషులు ఆయన మాట కోసం ఆగి ఉన్నారు. ఆ ఒక్క షాట్‌కు పూర్తి రోజు కేటాయించు, మిగతా 21 రోజుల్లో ఎక్కడ బిగించినా అక్కడ మాత్రం బిగించకు.

సౌండుకు డబ్బు ఇప్పుడే వేరుగా తీసి పెట్టు, చివర్లో మిగిలితే చూద్దామంటే మిగలదు. ప్రతి గదిలో షూటింగు ముగిశాక అందరినీ నిశ్శబ్దంగా నిలబెట్టి ఒక నిమిషం ఆ గది చప్పుడు రికార్డు చేయించు, తరువాత మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి అదే పనికొస్తుంది. ఓటీటీ వాళ్ళు ముందే కొంటారన్న నమ్మకంతో వడ్డీకి తేవద్దు.

స్క్రిప్టులో ఆయన కనబడటం లేదని మొదట ఫిర్యాదు ఇచ్చేది అమెరికాలో ఉన్న కూతురని రాశావు. నాకైతే ఆ పని పాత మేకప్‌మ్యాన్ చేయాలనిపిస్తోంది, ఆదివారం ఆదివారం వచ్చి తలకు రంగు వేసే మనిషి. ఇద్దరిలో ఎవరన్నది నువ్వు తేల్చుకో. ఆ సీనూ, స్టేషన్లో ఆయన చెప్పే జవాబూ రాసుకొని వచ్చే ఆదివారం ఇంటికి రా. అత్తయ్య నీ కోసం పులిహోర చేస్తానంటోంది.

ఆశీస్సులతో,
మామయ్య